దీవి నుంచి వచ్చినామె

తొంభైల్లో నేను యూనివర్సిటీలో చదువుతూ, వారాసిగూడలో ఒక గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం తార్నాక బస్టాపులో, భుజాన కొత్త శాలువాతో ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి ఉంది. గోదావరి సముద్రంలో కలిసేచోట చిన్న దీవి వాళ్లదట. దీవుల్లో బతికేవాళ్లకు ప్రభుత్వ సాయం గురించి క్యాంపస్‌లో సభ పెట్టి, మాట్లాడమని ఆమెను పిలిపించారు. తీరా ఆమె వంతు వచ్చేసరికి టైమ్ లేదని శాలువా కప్పి పంపేశారు.

"నాలుగు రోజుల్నించి నేర్చుకున్నాను బాబూ. నువ్వింటావా?" అంది.

"చెప్పున్రి అమ్మా, ఇంట" అన్నాను.

సభలో ఉన్నట్టే చేతులు జోడించింది. "అయ్యా, మా మడ అడవి కొట్టద్దన్నారు, మానేశాం. కొత్త మొక్కలు నాటమన్నారు, నాటాం. పీతలూ రొయ్యలూ మళ్లీ వత్తన్నాయి, సంతోషమే. కట్టెలకి బదులు గ్యాసు పొయ్యిలిత్తామన్నారు, రెండేళ్లయినా రాలేదు. మరి మేం దేంతో వండుకోవాలండీ?"

ఈలోగా నా బస్సు వచ్చి వెళ్లిపోయింది.

"మంచిగ చెప్పిన్రమ్మా. గా సార్లు ఇనుంటే బాగుండు" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. "నా మాట ఇన్నావు. మరి నీ సంగతేంటి బాబూ? చెప్పు."

అప్పటికి నేను ఈ ఊరొచ్చి ఏడాది దాటింది. ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకునేలోపే కాచిగూడ బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి నా వైపే చూస్తుండగా అది కదిలిపోయింది.

ఆ సాయంత్రం గదికి నడిచే వెళ్లాను. దారి పొడుగునా నా సంగతులన్నీ ఆమెకు చెప్పుకుంటూనే ఉన్నాను.