కడ్డీల లక్ష్మణప్ప వైనరీ

పరగోడు ఊరి లక్ష్మణప్ప ఏది కట్టినా పైన ఇనుప కడ్డీలు మిగిల్చే కడతాడు. రేపు కొడుకు ఇంకో అంతస్తు వేసుకోవద్దా? ఇల్లు సరే, పశువుల కొట్టం సరే, ఆఖరికి కుక్కగూటి మీద కూడా నాలుగు కడ్డీలు నిలబెట్టాడు మహానుభావుడు! తుప్పు పట్టకుండా ఒక్కో కడ్డీ మీద ఒక్కో ఖాళీ సీసా బోర్లిస్తాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. గుడిబండె బస్సులో పోయేవాళ్ళు మాత్రం ఆ మిద్దె చూసి, "అబ్బా, ఎంత తాగుతాడో!" అని నొచ్చుకుంటారు.

కూతురు అంబిక వైను చేసే చదువు చదివి వచ్చి, "మన ద్రాక్షతోటలోనే వైనరీ పెడదాం నాయనా, నేను చూసుకుంటా" అంది.

"కట్టినామంటే నాలుగు తరాలు నిలబడాల!" అని లక్ష్మణప్ప పలుగు పట్టాడు. కింద వైను. మొదటి అంతస్తు కొడుకు అంబరీష్‌ది, రెండోది మనవళ్ళది, మూడోది మునిమనవళ్ళది. అంబరీష్‌కు చింతామణిలో సిమెంటు అంగడి. పెళ్ళింకా కాలేదు, పైగా ద్రాక్షరసం వాసన తగిలితే తుమ్ములే తుమ్ములు. అయినా కడ్డీలు మనిషెత్తు లేచాయి.

పంట కోతకు వారం ఉందనగా ద్రాక్షరసం పులియబెట్టే పెద్ద స్టీలు ట్యాంకు, దాన్ని దించే క్రేను వచ్చాయి. ఆరోజు ట్యాంకు దిగకపోతే అంబిక మొదటి ఏడాది పంట మొత్తం మండీకి పోవాల్సిందే. కప్పులో వదిలిన సందులోంచి ట్యాంకును దించాలి. సందు చుట్టూ ఎటు చూసినా కడ్డీలే! ట్యాంకు వచ్చి వాటి మీద ఆగిపోయింది.

"కడ్డీలు కొయ్యాలప్పా" అన్నాడు డ్రైవరు.

లక్ష్మణప్ప పరుగున నిచ్చెనెక్కి ఒక కడ్డీల కట్టను కావలించుకున్నాడు. "ఇది నా మనవళ్ళ అంతస్తు! నా ప్రాణం పోయినా కొయ్యనియ్యను!"

"యా మనవళ్ళు?" కింద నుంచి భార్య మునివెంకటమ్మ అరిచింది. "ముందు నీ కొడుక్కి పిల్లను యెతుకు! దిగు, జనం చూస్తాండారు!"

అంబిక మాత్రం అరవలేదు. తనూ నిచ్చెనెక్కి, "వీటిల్లో నావి యావి నాయనా?" అని అడిగింది.

లక్ష్మణప్ప వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇవి అంబరీష్‌వి, ఇవి మనవళ్ళవి, ఇవి మునిమనవళ్ళవి... ఆఖరి కడ్డీ దగ్గర వేలు ఆగింది. అసలు వైనరీ అడిగిందే అంబిక. ఆమె పేరున ఒక్కటంటే ఒక్క కడ్డీ లేదు. ఆయన కట్టను వదిలేసి డ్రైవరు వైపు తిరిగాడు.

"కొయ్యండప్పా" అన్నాడు. "అన్నీ కొయ్యండి."

సాయంత్రానికి ట్యాంకు దిగింది.

ఇప్పుడు ఆ కప్పంతా నున్నగా ఉంది, ఒక్క మూల తప్ప. అక్కడ అంబిక ఆఫీసు గది మీద కొత్త కడ్డీలు, పాతవాటికంటే అడుగు ఎత్తుగా లేచాయి. వాటి మీద బోర్లించినవి అంబిక చేసిన మొదటి వైను సీసాలు. వాటిని ఖాళీ చేసిందెవరని అడిగితే మునివెంకటమ్మ వంటింట్లోకి పోతుంది.

"ఇవెవురివి నాయనా?" అని అంబరీష్ అడిగాడు.

"అంబికవి" అన్నాడు లక్ష్మణప్ప. "ఆపైన దాని కూతుళ్ళవి. నువ్వు అవతలికి పోయి తుమ్ముకో."