బంతి లేని ఆటలో ఒక ఖాళీ చోటు

సైరన్ మోగేసరికి ఆట మొదలై అరగంట కూడా కాలేదు. వాన ఇంకా పడలేదు. మైదానం మూలన స్తంభం మీద ఎర్రదీపం తిరగడం చూసి రెండు జట్ల అమ్మాయిలూ బంతిని ఉన్నచోటే వదిలేసి, పక్కనే పైకప్పున్న సిమెంటు కోర్టు కిందికి నడిచారు. సింగపూర్‌లో పిడుగు హెచ్చరిక వచ్చిందంటే ఆట ఆగాల్సిందే. ఎవరూ గొణగరు.

జపాన్ క్లబ్బు ఒకదాని తరఫున ఆటగత్తెలను ఎంచుకోవడానికి వచ్చిన పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. సాయంత్రం ఆయన విమానం. ఆయన ముఖ్యంగా ఎవరి కోసం వచ్చాడో ఆ హరిణి మాత్రం నా పక్కన సిమెంటు మెట్టు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కోర్టులో ఆమె జట్టు పదిమందీ బంతి లేకుండా, మాట లేకుండా ఆడుతున్నారు. హరిణి ఉండాల్సిన చోట ఎవరూ లేరు. ఆ చోటు కదులుతోంది. పెద్దమనిషి దాన్నే చూస్తున్నాడు.

ఇది అర్థం కావాలంటే విశాఖ విమానాశ్రయం దాకా వెనక్కి వెళ్లాలి.

నేను చాలాకాలం ఒక దినపత్రిక క్రీడల డెస్కులో పనిచేశాను. కాలేజీ జట్ల ఆటలు చూడడం, కప్పు పట్టుకున్న ఫోటో కింద పేర్లు రాయడం నా పని. కొన్నేళ్లకు అవే పేర్ల కోసం క్లబ్బు జట్లలో వెతికితే కనబడేవి కావు. సింగపూర్‌లో ఒక కాలేజీ ఉందని, కప్పులు పెద్దగా గెలవకపోయినా అక్కడి అమ్మాయిలు బయటి దేశాల క్లబ్బుల్లో నిలదొక్కుకుంటున్నారని నా పాత సహోద్యోగి తమ్ముడు సుధాకర్ చెప్పాడు. అతను ఒంగోలు మనిషి, అక్కడొక బ్యాంకులో కంప్యూటర్ పని. అతని కూతురు హరిణి ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోనే మధ్యవరుసలో ఆడుతుంది. వచ్చి చూడన్నా అన్నాడు. వెళ్లాను.

ఆదివారం రాత్రి విశాఖలో విమానమెక్కాను. పక్క సీటులో టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చిన అప్పలరాజు. జురాంగ్ వైపు ఓడల యార్డులో వెల్డింగు పని చేస్తాడట. ఎందుకెళ్తున్నానో చెబితే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బంతాట సూడ్డానికి ఇంత దూరం ఏటి బాబూ? మనూర్లో ఆడట్లేదేటి?"

ఆడినవాళ్లు తర్వాత ఏమవుతారో తెలుసుకోవడానికి అన్నాను. "అది ఎవులికి తెల్సు," అని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. దిగేముందు మాత్రం ఒక మంచి సలహా ఇచ్చాడు: రైల్లో చలి ఎక్కువ, పల్చటి స్వెట్టరొకటి చేతిలో ఉంచుకోమని. వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తెల్లవారకముందే చాంగీ విమానాశ్రయంలో దిగాను. మన గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. రైలుకు టిక్కెట్టు కొనే పని లేదు, బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే చాలు. తానా మేరాలో మారి పాసిర్ రిస్‌లో దిగేసరికి సుధాకర్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. ఫ్లాట్‌లో అతని భార్య వసంత పెసరట్టు వేసిపెట్టి, నేను రెండోది తింటుండగా అసలు విషయం చెప్పింది. హరిణికి ఇది చివరి ఏడు. ఒక ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది. శనివారం జపాన్ నుంచి మనిషి వస్తున్నాడు. ఆయన తీసుకుంటే ఆట, లేకపోతే ఉద్యోగం.

"ఒక్క అవకాశం అన్నయ్యా. అదీ ఆ జపాన్ ఆయన వస్తానని నోటిమాటగా అన్నదే," అంది భర్తవైపు చూడకుండా. సుధాకర్ చట్నీ గిన్నె నావైపు జరిపాడు.

మంగళవారం పొద్దున హరిణితో కాలేజీకి బయల్దేరాను. పాసిర్ రిస్ నుంచి జురాంగ్ ఈస్ట్ దాకా ఒకే రైలు. తూర్పు చివర ఎక్కి పడమర దాకా కూర్చోవడమే, గంట పైచిలుకు పడుతుంది. మధ్యలో రైలు భూమి కిందికి దిగి, చాలాసేపటికి మళ్లీ వెలుతుర్లోకి వచ్చింది. ఆ చీకట్లో ఎదుటి అద్దంలో మా ఇద్దరి నీడల మధ్య ఖాళీ సీటు కనిపిస్తోంది. జట్టులో సాధన ఎలా చేస్తారని అడిగాను. మంగళవారం, శనివారం బంతి లేని ఆట ఉంటుందని చెప్పింది. పదకొండు మందిలో ఒకరు బయట కూర్చోవాలి. ఆ చోటులోకి ఇంకొకరిని పెట్టరు. మిగతా పదిమందీ ఆ అమ్మాయి ఉన్నట్టే ఆడాలి. వంతులవారీగా అందరూ కూర్చుంటారు.

"మనం లేకపోయినా మన ప్లేస్ మూవ్ అవుతూ ఉంటుంది అంకుల్. ఫస్ట్ టైమ్ చూసినప్పుడు నాకు అన్నం సహించలేదు."

ఇంకొకటి కూడా చెప్పింది. ఎవరైనా వరుసగా రెండుసార్లు బయట కూర్చుంటే ఆమె వెళ్లిపోతోందని అర్థం. క్లబ్బుకు వెళ్లినా, ఆటే మానేసినా అంతే. జట్టు అలవాటు పడాలి కదా అని కోచ్ అలా చేస్తుంది. కారణం చెప్పదు, అమ్మాయిలూ అడగరు. తర్వాత ఒక రోజు నుంచి ఆ అమ్మాయి రాదు.

జురాంగ్ ఈస్ట్‌లో దిగి, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో భోజనానికి ఆగాం. జనం కిటకిటలాడుతున్నారు. మధ్యలో ఒక బల్ల ఖాళీగా ఉంటే కూర్చోబోయాను. హరిణి నా మోచెయ్యి పట్టుకుంది. బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం ఉంది.

"చోప్ చేశారు అంకుల్, అంటే టిష్యూ పెట్టి బల్ల ఆపుకున్నారు. అక్కడ మనిషి ఉన్నట్టే లా."

మాట చివర ఆ 'లా' అక్కడివాళ్ల అలవాటు. నిలబడే సగం అన్నం తిన్నాం. ఆ బల్ల దగ్గరికి మేం ఉన్నంతసేపూ ఎవరూ రాలేదు. పళ్లేలు పట్టుకున్నవాళ్లు దాని చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

మధ్యాహ్నం మూడింటికి మైదానం మీద మబ్బు కమ్ముకుని ఉంది. కోచ్ పేరు రోస్నా, మలయ్ ఆవిడ, యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు తనూ క్లబ్బులకు ఆడిందట. విజిల్ లేదు. చెయ్యి ఎత్తింది, పదిమంది కదిలారు. బూట్ల శబ్దం, ఊపిరి తప్ప ఇంకేం వినపడదు. ఒకమ్మాయి కాలు విసురుతుంది, దూరాన ఇంకొకమ్మాయి సరిగ్గా అంతసేపటికి దాన్ని ఆపుతుంది. తలలన్నీ ఒకేసారి తిరుగుతాయి. కాసేపటికి నా తల కూడా తిరుగుతోందని గమనించాను. గీత పక్కన ఆకులు ఊడుస్తున్న ముసలాయన ఒకసారి చీపురు ఎత్తి పక్కకు తప్పుకున్నాడు. అటువైపు ఏ బంతీ రాలేదు.

ఆ రోజు వంతు ఒక చైనీస్ అమ్మాయిది. ఆమె చోటుకు పాస్ వెళ్తుంది. రెప్పపాటు ఆగుతుంది. అక్కడి నుంచి వచ్చినదాన్ని ఇంకెవరో పరుగెత్తి అందుకుంటారు. ఎవరు ఎంతసేపు ఆగాలో, ఎటు పరుగెత్తాలో అందరూ ఒకేలా అనుకుంటే తప్ప అది కుదరదు. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని, తనే లేని తన ఆటను చూస్తోంది.

మిగతా రోజుల్లో కాలేజీ మాస్టార్లను, వ్యాయామం చేయించేవాళ్లను కలిశాను. సాధనను బట్టి పాఠాల వేళలు మార్చడం, పెద్ద జట్లతో ఆడించడం, గాయాలకు వెంటనే వైద్యం. ఇవన్నీ మంచివే, ఇంకా చాలాచోట్ల ఉన్నవే. రోస్నాను అడిగితే ఆవిడ తన మాటే చెప్పింది. కాలేజీలు బాగా ఆడే ఒక్కరి చుట్టూ జట్టును కడతాయి. ఆ ఒక్కరూ క్లబ్బుకు వెళ్తే అక్కడ తన కోసం ఎవరూ ఆడరు, మొదటి ఏడాది మైదానం బయట బెంచీ మీదే గడుస్తుంది. అక్కడే చాలామంది విరిగిపోతారు.

"నా పిల్లలు తాము లేని జట్టును ముందే చూసి ఉంటారు," అంది. "వాళ్లకది కొత్త కాదు."

మా కాలేజీ జట్ల ఫోటోలు గుర్తొచ్చాయి. ప్రతి ఫోటోలో మధ్యన కప్పు పట్టుకుని ఒకే ఒక్కరు.

శనివారం. సుధాకర్, వసంత ఇద్దరూ వచ్చారు. బంతి లేని ఆట మ్యాచ్ అయ్యాక ఉంటుందని, వంతు తనదని హరిణి పొద్దున్నే చెప్పింది. అప్పటికి జపాన్ ఆయన తన ఆట చూసేసి ఉంటాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆడిన ఆ కాసేపట్లో ఆమెకు బంతి తగిలింది చాలా తక్కువసార్లు. తర్వాత సైరన్.

హెచ్చరిక ఎప్పుడు తీస్తారో తెలియదు. రోస్నా అమ్మాయిలను కోర్టులో నిలబెట్టింది. వరుసలో హరిణి కూడా నిలబడబోతే వేలితో మెట్టు చూపించింది. వసంత లేచి వెళ్లింది. ఇవాళ ఒక్కరోజు వంతు మార్చమని, ఆయన పిల్ల ఆటే చూడలేదని ఇంగ్లీషులో మెల్లగా బతిమాలింది. రోస్నా శాంతంగా విన్నది.

"ఈరోజు మారిస్తే మిగతా పదిమందికి దీని మీద నమ్మకం పోతుంది."

వసంత వచ్చి నా అవతలి పక్కన కూర్చుంది. రేకు మీద చినుకులు మొదలయ్యాయి, తర్వాత ధారలయ్యాయి. ఆ హోరులో బూట్ల శబ్దం కూడా పోయింది. పదిమంది నిశ్శబ్దంగా తిరుగుతున్నారు. ఎడమవైపు నుంచి ఒకమ్మాయి ఖాళీలోకి కాలు విసిరి, చూడకుండానే ముందుకు పరుగెత్తింది. నేను హరిణి ముఖం చూశాను. ఆమె కళ్లు అక్కడెవరినో వెంబడిస్తున్నాయి. పెద్దమనిషి కళ్లు కూడా అక్కడే ఉన్నాయి. మూడోసారి మెరుపు మెరిసినప్పుడు, కోర్టు నేల మీద నీడలు లెక్కపెట్టకూడదని నాకు గట్టిగా అనిపించింది. తల తిప్పుకున్నాను.

ఆట ఆగాక ఆయన మా మెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఆ ఖాళీ నీదేనా?"

"అవును సర్."

"చివర్లో అది కుడివైపు వెళ్లింది. నువ్వైతే వెళ్తావా?"

హరిణి ఒకసారి కోర్టువైపు చూసింది.

"వెళ్లను సర్. కానీ వెళ్లాలి. ఇప్పుడే చూశాను."

ఆయన తలూపాడు, మడత గొడుగు విప్పుకుని వానలోకి నడిచాడు. హెచ్చరిక తీసేసరికి ఆయన టాక్సీ వెళ్లిపోయింది.

"వెళ్తానని చెప్పొచ్చు కదే," అంది వసంత రైల్లో.

"ఆయన చూశాడమ్మా. అబద్ధం చెప్తే తెలిసిపోతుంది లా."

సుధాకర్ తన సీటు కూతురికిచ్చి దారంతా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆదివారం రాత్రి ముగ్గురూ చాంగీ దాకా వచ్చి దింపారు. జవాబు పదిరోజుల్లో రావొచ్చని, రాకపోతే ఉద్యోగంలో చేరతానని హరిణి మామూలుగానే చెప్పింది. తిరుగు విమానంలో మూడు సీట్ల వరుసలో నాదీ, కిటికీ పక్కన ఒక ముసలావిడదీ కాక నడిమి సీటు ఖాళీ. బెల్టు పెట్టి ఉంది. విశాఖ దాకా ఇద్దరం దాని మీద మోచెయ్యి పెట్టలేదు. ఎందుకని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. ఆటగాళ్లను తయారుచేసే చోట్లు చాలా చూశాను. వెళ్లిపోవడాన్ని కూడా సాధన చేయించే చోటు ఇదొక్కటే చూశాను. అది మంచిదే అయ్యుండాలి, అక్కడి అమ్మాయిలు నిలబడుతున్నారు కాబట్టి. మళ్లీ వెళ్లి ఆ మెట్టు మీద కూర్చోమంటే మాత్రం కూర్చోలేను.

ఇది రాస్తుండగా సుధాకర్ ఫోన్ చేశాడు. జపాన్ నుంచి ఇంకా ఏ కబురూ లేదు. మంగళవారం బంతి లేని ఆటలో వంతు గోల్‌కీపర్‌ది. రోస్నా ఆమెను గోల్ దగ్గరికి పంపి, హరిణిని వరుసగా రెండోసారి బయట కూర్చోబెట్టింది. కారణం చెప్పలేదు.