గంట కొడితే ఆపిన మనిషి

పక్క క్వార్టర్ కాక సోమవారం పొద్దున, ఫస్టు షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళకు కన్నుమూశాడు. కబురు చెప్పిన వాళ్లు ఆయన ముప్పై ఏళ్లు గనిలో హాలేజీ ఇంజన్ నడిపాడనీ, మంచోడనీ అన్నారు. నా కూతురితో మాట్లాడిన ఒక్క మనిషి పోయాడని ఎవరూ అనలేదు.

నా కూతురికి నాలుగేళ్లు. మాట లేదు, మెడ నిలవదు, చూపు అంతంతే. కుడి చెయ్యి మాత్రం తను చెప్పినట్టు వింటుంది. ఆ సంగతి కనిపెట్టింది కన్నతల్లిని నేను కాదు, కాక. హాలేజీ ఇంజన్ తాడుతో బొగ్గు టబ్బులు లాగేటప్పుడు గని లోపలివాళ్లు గంట కొట్టి చెబుతారట, ఒకటి కొడితే ఆపమని. కాక పాప చేతి కింద స్టీలు పళ్లెం బోర్లించేవాడు. పాప ఒకసారి కొడితే అన్నం పెట్టడం ఆపేవాడు, రెండుసార్లు కొడితే ఇంకో ముద్ద. ముద్దకూ ముద్దకూ నడుమ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పాప నాలుగో ముద్దకే ఒక్కటి కొట్టింది. చెయ్యి ఊరికే తగిలి ఉంటుందిలే అని నేను ఇంకో ముద్ద కలిపాను. కాక గొంతు మారింది.

"గంట ఎవ్వలు కొట్టినా ఆపాలె బిడ్డా. ఎందుకు కొట్టిన్రో తర్వాత అడగాలె. నాకు తెల్వదా అని లాగినోడే మనుషులను చంపుతడు."

నాకు రోషం వచ్చింది. పంతానికి ఆ ముద్ద పెట్టాను. పాపకు పొలమారింది. ఆయన పాప వీపు నిమిరి ఇంటికి వెళ్లాడు, మర్నాడు మామూలుగానే వచ్చాడు.

ఆయన దగ్గుతో మంచాన పడ్డాక పాప తిండి నా చేతికొచ్చింది. మా ఆయనకు డ్యూటీ టిఫిను కట్టాలి, నల్లా నీళ్లు పట్టాలి, ఆగే తీరిక నాకెక్కడిది. పాప కొడుతూనే ఉండేది. చప్పుడుకు అత్తమ్మ విసుక్కుంటే నేనే పళ్లెం తీసి, చేతి కింద మెత్తటి బట్ట మడిచి పెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. దాచి ఆయన్ను పొగడడం ఇంకా సిగ్గు.

పదో రోజు కర్మ అయ్యాక కాక కోడలు మా ఇంటికొచ్చి, పాప తినడం చూసి మెచ్చుకుంది.

"ఎంత బుద్ధిగ తింటాందక్కా, ఒక్క పేచీ లేదు."

నిజమే, ఎంత పెడితే అంత మింగుతోంది. ఆమె వెళ్లాక పళ్లెం తెచ్చి పాప చేతి కింద పెట్టాను. ముద్ద పెదవికి తాకించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఆ చెయ్యి కదలలేదు. నోరు మాత్రం తెరిచింది.