వెనక్కి నడిచిన జనరల్

మన ఊరి మలుపులో గుమ్మడికాయ కొడితే, ఎదురొచ్చే లారీ కనిపిస్తుందా? మొన్న అక్కడ మళ్లీ ఒక బండి పడింది. దయ్యం పనేనని మళ్లీ గుమ్మడికాయ కొట్టారు. జవాబు చెప్పేముందు, నేను సరిహద్దులో చూసింది వినండి.

సరిహద్దు కాపలా దళంలో చేరి, మే నెలలో రాజస్థాన్ చౌకీలో దిగాను. చుట్టూ ఇసుక. ముందు ముళ్లకంచె. భుజాన రైఫిల్, తలకి తడిగుడ్డ. మా జీపు డ్రైవర్ మాచర్ల సాయిబు, మెకానిక్కుల ఇంట పుట్టినవాడు. నన్ను చూసి నవ్వాడు.

“రెంటచింతలోడివి, నీకిది ఎండేందిరా? దుప్పటి తెచ్చుకున్నావా?”

కంచె పొడవునా ఇసుక బాట ఉంటుంది. రోజూ పొద్దున్నే దానిమీద రెండు తాళ్లు కట్టిన ముళ్లమోపు లాగి చదును చేస్తాం. ఎవడు దాటినా అడుగు పడుతుంది. మా అడుగులు మిగలకుండా, కొమ్మతో తుడుచుకుంటూ వెనక్కి నడుస్తాం.

ఒక్కచోట మాత్రం లాగేవాళ్లం కాదు. అక్కడ ఎప్పుడో ఒక జవాను పాముకాటుతో పోయాడు. గుర్తుగా దిమ్మె కట్టారు. ఆయన ఆత్మే అక్కడ కాపలా అని చౌకీ అంతా నమ్మకం. నేను వాదించాను.

“నోరు మూసుకో అబ్బాయా. ఆయనకి కోపమొస్తే జీపు కూడా కదలదు,” అన్నాడు డ్రైవర్.

“మెకానిక్కువేగా, ఆత్మ ఏ పార్టులో దూరుద్దో చూపించు!”

ఆ వారంలోనే మా ఐజీ తనిఖీకి వచ్చారు. సైన్యంలో అయితే జనరల్ అంటారు. కానిస్టేబుల్‌గా చేరి, పరీక్షలు రాసి, ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి. దిమ్మెకి సెల్యూట్ చేశారు. పక్కన గాలికి చెదిరిన ఇసుక చూశారు.

“ఇక్కడెందుకు లాగలేదు?”

“ఇక్కడ ఆయనే చూసుకుంటాడు సర్,” అన్నాడు చౌకీ కమాండర్.

ఐజీ దిమ్మె మీద చెయ్యేశారు. “వీడూ నేనూ ఒకే మోపు లాగాం. పాము కరిచినప్పుడు పక్కనే ఉన్నాను. చచ్చినవాడికి కూడా సెలవివ్వరా మీరు?”

తాడు తన భుజానికేసుకున్నారు. రెండో తాడు నేను పట్టాను. వెనక డ్రైవర్ గుట్టుగా జీపు స్టార్ట్ చేసి చూశాడు. అయింది.

మర్నాడు పొద్దున సరిగ్గా అక్కడే అడుగులు. రేడియో అందుకున్నాను.

“ఒకడే. మనవైపు వచ్చాడు.”

“ఎక్కడ?” కమాండర్ గొంతు.

“దిమ్మె దగ్గర.”

“కదలండి.”

మధ్యాహ్నంలోపు ఇసుకదిబ్బ వెనక దొరికాడు, మత్తుమందు మూటతో. “ఎన్నాళ్లనుంచి పోతున్నారో ఈ దారిన,” అన్నాడు డ్రైవర్. ఆ రోజు నుంచి మోపు తాడు ముందు తనే పట్టేవాడు.

సర్వీసు ముగించి నడికుడిలో రైలు దిగాను. ఆ దళంలో పనిచేశానని ఈరోజుకీ తలెత్తి చెబుతాను. కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది: భుజాల మీద అంత హోదా ఉన్న మనిషి నడుం వంచి, కొమ్మతో తన అడుగులు తానే తుడుచుకుంటూ వెనక్కి నడవడం. స్నేహితుడికి ఆయన చేసిన పూజ అది.

మన మలుపులో దారి కనపడనివ్వనిది దయ్యం కాదు, కంపచెట్లు. గుమ్మడికాయ ఇంట్లో పెట్టండి. రేపు పొద్దున్నే కత్తి పట్టుకుని రండి. కంప నరకండి.