మా బామ్మర్ది రెండు ముక్కల కీబోర్డు

దసరా పూట, అత్తగారింట్లో, అంతమంది చుట్టాల మధ్య నా పరువు ఎలా పోయిందో చెబుతాను. ఎవరో తీశారనుకునేరు. నేనే దాన్ని కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొని తీసుకెళ్లి మరీ పోగొట్టుకున్నాను.

అది 2013. కామారెడ్డిలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లి పత్రికలు, దరఖాస్తులు కొట్టీ కొట్టీ మణికట్లు నొచ్చేవి. వాటికి పట్టీలు కట్టుకొని మా ఆవిడ లావణ్య దగ్గర మూలిగేవాణ్ణి. ఆమె ఓదార్చేదా? "మా తమ్మునికి చెప్తే ఏదన్న ఉపాయం చేస్తడు" అనేది.

ఆ తమ్ముడే నరేష్. ఎల్లారెడ్డిలో టీవీలు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. మా ఇంట్లో మిక్సీ తిరిగితే వాడి గొప్ప, ఆగితే నా తప్పు. పెళ్లయినప్పటి నుంచి నాది ఒకటే ఆశ. లావణ్య నలుగురిలో "మా ఆయన చేసిండు" అనాలి. ఒక్కసారి చాలు.

ఒక ఆదివారం అత్తగారింటికి వెళితే వరండా నిండా జనం. మధ్యలో నరేష్, వాడి ముందు రెండు ప్లైవుడ్ పెట్టెలు. వాటి మీద పాత కీబోర్డుల నుంచి పీకిన మీటలు, రెంటినీ కలుపుతూ ఒక వైరు. కీబోర్డును నిలువునా చీల్చి ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి పంచినట్టుంది.

"చేతులు ఎడంగ పెట్టుకొని కొట్టొచ్చు బావా. మణికట్టు వంగది, నొయ్యది. బయటి దేశంల కొంటే బర్రె ధర ఉంటది. నేను పాత సామాన్లతోని చేసిన" అన్నాడు నరేష్.

"మా తమ్ముడు చేసిండు!" అని లావణ్య పక్కింటివాళ్లకు చెబుతోంది. వాళ్లు విన్నాక ఎదురింటివాళ్లకూ చెప్పింది. నాకు కడుపు మండిపోయింది. ఆ రోజు అత్తమ్మ చేసిన నాటుకోడి కూర కూడా చప్పగా ఉందంటే అర్థం చేసుకోండి.

"గిసుంటిది ఎవడు వాడుతడు అత్తమ్మా? పిచ్చోడు తప్ప!" అన్నాను.

నరేష్ నవ్వి, ఒక అట్టముక్క తెచ్చాడు. "బావా, చేతులు దీని మీద పెట్టు."

"ఎందుకురా?"

"ఊకెనే" అంటూ పెన్సిల్‌తో నా వేళ్ల చుట్టూ గీశాడు.

ఊరికే ఎవడైనా గీస్తాడా? నా వేళ్లు పొట్టివని నలుగురికీ చూపించడానికే అనుకున్నాను. వీడికంటే మంచిది చేసి వీడి నోరు మూయించాలని అప్పుడే తీర్మానించుకున్నాను. వాడు చాయ్ తేవడానికి లోపలికి వెళ్లగానే పెట్టెలు బోర్లించి, అడుగున తీగలు ఎలా అల్లాడో సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. దొంగతనమంటారా? పరిశోధన అనండి, బాగుంటుంది.

బతుకమ్మకు లావణ్య పుట్టింటికి పోయింది. ఇక ఇల్లు నా రాజ్యం. మీటలను కంప్యూటర్‌కు కలిపే చిన్న బోర్డు హైదరాబాద్ నుంచి తెప్పించాను. అందులో వేసే ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరికింది. ఫోటో చూస్తూ, వేళ్లు కాల్చుకుంటూ, తీగ తర్వాత తీగ అతికించాను. నొప్పి తగ్గించే కీబోర్డు చేయడంలో నొప్పి రెట్టింపయింది. అయినా ఏడుపు మనిషిని ఎంత పనిమంతుణ్ణి చేస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

దసరా పొద్దున పని ముగిసింది. పోయిన కరెంటు కాసేపు వచ్చింది. రెండు పెట్టెల్లోనూ మధ్య మీటలు నొక్కి చూశాను. అక్షరాలు సరిగ్గా పడ్డాయి. వెంటనే కరెంటు పోయింది. ఇంకేం కావాలి? బస్సెక్కాను.

సాయంత్రం జమ్మి ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ కౌగిలింతలు అయ్యాక, చుట్టాలందరినీ నరేష్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"నరేషూ, నీది మంచిదే గని జర మోటుగున్నది. గిప్పుడు చూడు" అని అత్తమ్మ పేరు కొట్టాను.

తెర మీద పడిన దాన్ని ఏ భాషవాళ్లూ చదవలేరు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

"నా పేరు గింత పెద్దగున్నదా అల్లుడా?" అంది అత్తమ్మ.

నరేష్ నా పెట్టెలు బోర్లించి చూశాడు. "బావా, కింది దిక్కు ఫోటో తీసి, దాన్ని పైదిక్కు అనుకొని అల్లినవా? బోర్లిస్తే కుడి ఎడమయితది గద! నడిమి మీటలొక్కటే జాగ మారవు. నన్నడిగితే నేనే గీసిచ్చేటోణ్ణి."

వరండాలోంచి ఎవరో పెద్దమ్మ తొంగిచూసింది. "గిది ఎవలు చేసిన్రు లావణ్యా?"

లావణ్య కొంగు నోటికడ్డం పెట్టుకొని, నవ్వు ఆపుకోలేక, గట్టిగా చెప్పింది. "మా ఆయన చేసిండు!"

ఇన్నేళ్లూ నేను ఎదురుచూసిన మాట అదే.

అంతలో నరేష్ లోపలికి వెళ్లి, కొత్త పెట్టెల జత తెచ్చి నా ముందు పెట్టాడు. "నీ చేతులు నొస్తున్నయని అక్క చెప్పింది బావా. మొదలు చేసింది నమూనా. గిది నీ వేళ్ల కొలతకు చేసిన."

చేతులు పెట్టాను. ప్రతి వేలి కిందా దాని మీట సరిగ్గా ఉంది. అత్తమ్మ అయోమయంగా చూసింది. "గిది పిచ్చోడు తప్ప ఎవడు వాడడంటివి గద అల్లుడా?"

ఇదంతా ఆ కీబోర్డు మీదే కొడుతున్నాను. మణికట్లు నొప్పి లేకుండా హాయిగా ఉన్నాయి. దాని రెండు ముక్కల మీద రెండు చేతులూ పెట్టి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బామ్మర్దిని చూసి కుళ్లుకోను. ఒకవేళ కుళ్లుకున్నా, ఒకసారి బోర్లించి చూసుకున్నాకే కుళ్లుకుంటాను.