ఫాదర్ గారు చెప్పిన రెండో మాట

ఒక మాటలో సగం చెప్పి, మిగతా సగం కడుపులో దాచుకుని ఇన్నేళ్లు తిరిగాను. సగం మాటకు అంత బరువుంటుందా అంటారేమో. ఉంటుందండీ. మోసినదాన్ని, నాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువుకూ, అంటే ఫాదర్‌కూ, చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

మాది సూరత్. నాన్నది రైల్వే ఉద్యోగం, ఉధ్నాలో క్వార్టర్. మావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లు, తాతల నాటి నుంచీ కథోలికులం. నేను పుట్టి పెరిగిందంతా ఇక్కడే. ఆదివారం పూజ, సాయంత్రం జపమాల, క్రిస్మస్‌కి పక్కింటి గుజరాతీ మాసీకి కేకు. చదువయ్యాక చీరలు మడతపెట్టి పెట్టెల్లో సర్దే చోట పనికి చేరాను. అక్కడికి బట్ట దింపడానికి వచ్చేవాడు అతను. అసలు పేరు రాయను, శంకర్ అనుకోండి. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాడు. సాంచెలు అంటాడు వాటిని. ఆ మోతలో బతికే మనుషులు మామూలుగా అరిచి మాట్లాడతారు. ఇతను మాత్రం మెల్లగా మాట్లాడేవాడు, దగ్గరికి వెళితేగానీ వినిపించేది కాదు. నేను దగ్గరికి వెళ్లాను. ఇంకేముంది!

నన్ను చూడకముందే అతను పాండేసరలో తెలుగు కార్మికులు కూడుకునే ప్రార్థన మందిరానికి వెళ్తుండేవాడు. మందిరమంటే పెద్దదేం కాదు, కిరాణా దుకాణం మీద రేకుల గది. అక్కడే నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. నా కోసం తీసుకున్నది కాదు. అడిగితే, "మనసుకు సల్లగనిపిచ్చింది" అనేవాడు, అంతే.

మా దేవాలయంలో పెళ్లంటే ఊరికే అవుతుందా? బోధన వినాలి, మూడు ఆదివారాలు పెళ్లి చాటింపు వేయాలి. మొదటి చాటింపుకే నాన్న నన్ను కృష్ణా జిల్లా రైలెక్కించేవాడు. అందుకని మందిరంలోనే చేసుకున్నాం. పాస్టరుగారు వాక్యం చదివారు. బంగారం లేదు, పసుపుతాడుకు చిన్న సిలువ గుచ్చి కట్టాడు. చావు విడదీసేదాకా నీతో ఉంటానని నేనూ అన్నాను, నా నోటితో, ఎవరూ బలవంతపెట్టకుండా. అప్పుడు నేను అబద్ధమాడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పాండేసరలో ఒక్క గది. షిఫ్టు నుంచి వచ్చి ఒంటికి పట్టిన మిషను నూనె సబ్బుతో రుద్దుకుంటూ పాటలు పాడేవాడు. రాగం ఒక్కటీ సరిగ్గా వచ్చేది కాదు. పచ్చిపులుసు తనే చేసేవాడు, నేను చేస్తే మాత్రం "గిది మీ ఆంధ్రోళ్ల చారు" అని వెక్కిరించేవాడు. ఇప్పుడూ పచ్చిపులుసు చేస్తాను. ఒక్కదాన్నే తింటాను. వెక్కిరించేవాళ్లు లేకపోతే ఏ వంటకూ రుచి ఉండదు.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలు ఆగిపోయాయి. పాండేసర అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. దేవాలయం మూసేశారు, పూజ ఫోన్లో వచ్చేది. అయినా నా బాధ వేరు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను పూజలో ఫాదర్ పంచే దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు. దేవాలయం బయట పెళ్లి చేసుకున్నదాన్ని, తీసుకోవచ్చో లేదో అడిగే ధైర్యం లేకపోయింది. ఎటు చూసినా చావు కబుర్లే. అట్లా పోతే ఏ స్థితిలో పోతానోనన్న భయం పట్టుకుంది. చివరికి మా దేవాలయం చూసుకునే విచారణ గురువుకు ఫోన్ చేశాను.

ఆయన కోప్పడలేదు. అంతా విని రెండు మాటలు చెప్పారు. మొదటిది: "నువ్వు కథోలికురాలివి కాబట్టి, గురువు ముందు కాకుండా, అనుమతి లేకుండా చేసుకున్న పెళ్లిని మన కథోలిక శ్రీసభ పెళ్లిగా లెక్కించదమ్మా. మీరిద్దరూ ఆ మందిరం వాళ్లే అయ్యుంటే అదే పెళ్లిని మేమూ పెళ్లి అనేవాళ్లం. ఆ అబ్బాయి బాప్తిస్మంలో దోషం లేదు. నియమం నీకుంది, అతనికి లేదు." రెండోది: "దీనికింత భయమెందుకు? బిషప్ గారి అనుమతి నేను తెప్పిస్తాను. లాక్‌డౌన్ కాస్త సడలించగానే ఇద్దరూ రండి. ఇద్దరు సాక్షుల ముందు మీ మాట మళ్లీ చెప్పుకోండి. చాలు."

విన్నప్పుడు ఏడ్చాను, సంతోషంతోనే. శంకర్ బియ్యం పంచుతున్న చోట వరుసలో ఉన్నాడు. రాగానే చెప్పాలనుకున్నాను. దేవుడి తోడు, రెండూ చెప్పాలనే అనుకున్నాను.

అతను బియ్యంతోపాటు ఒక కబురు తెచ్చాడు. అతని ఊరివాళ్లంతా కలిసి ఊరికెళ్లడానికి బస్సు మాట్లాడుకున్నారట. మర్నాడే ప్రయాణం. ఇద్దరికీ చోటు చెప్పి వచ్చాడు. వాళ్లమ్మ కోడల్ని చూడాలని కలవరిస్తోందట. అతని ముఖం వెలిగిపోతోంది. నేను మాత్రం లెక్కలు వేసుకున్నాను. ఎన్నడూ చూడని పల్లె, నన్ను ఎన్నడూ చూడని అత్త, వెళ్తే మళ్లీ వస్తామో రామో. ఉధ్నాలో అమ్మ ఉంది, ఫ్యాను కింద మంచముంది. నాకు భయమేస్తోంది, నేను రాను అనొచ్చు కదా? అంటే అతను ఆగిపోయేవాడు. బస్సు వదిలేసి నాతోపాటు పస్తులుండేవాడు. అదీ నాకు భయమే. మరి నాకు కావలసిందేమిటి? తప్పు నామీద పడకుండా అతను వెళ్లిపోవడం. ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూసుకున్నాను, ఇంతకన్నా మర్యాదైన జవాబు దొరకలేదు.

"ఫాదర్‌తో మాట్లాడాను. మనది పెళ్లి కాదట" అన్నాను.

అతను బియ్యం సంచి కింద పెట్టాడు. "మరేందట?"

"ఏమీ కాదట."

"అందరి ముందట ప్రమాణం జేస్తిమి గద. దేవుడు ఇనలేదా?"

నేను వంగి బియ్యం సంచి మూతి కట్టాను.

"నాది కొత్త బాప్తిస్మం అనా? మాది రేకుల మందిరం అనా?"

అప్పుడు నోరు తెరవాల్సింది. లోపం నాలో ఉంది, నీలో కాదు అనాల్సింది. తల వంచుకున్నాను. తల వంచుకుంటే అవునని అర్థం. నాకు తెలిసే వంచుకున్నాను.

సంచి పక్కనే కింద కూర్చున్నాడు. చివరికి, "గట్లయితే ఇన్నొద్దులు నిన్ను పాపంల ఉంచిన. మాఫ్ చెయ్" అన్నాడు.

మాఫ్ చెయ్! నేను కాళ్లు పట్టుకోవలసిన మనిషి నన్ను క్షమాపణ అడిగాడు. నేను ఇచ్చాను కూడా. "సరేలే" అన్నాను. ఆ "సరేలే" తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు నన్ను ఉధ్నాలో మా గేటు దాకా దింపి, బియ్యంలో సగం అమ్మకిమ్మని చేతిలో పెట్టి వెళ్లాడు. అమ్మ సంచి అందుకుని, "పోనీలే, అసలది పెళ్లయితేగా" అంది. నేను కాదనలేదు. కొన్నాళ్లు ఎదురుచూశాను. దేనికో తెలుసా? అతను తిరిగొచ్చి నన్ను నిలదీస్తాడని. అబద్ధం నేనే ఆడి, దాన్ని అతను పట్టుకోవాలని కోరుకున్నాను. చూశారా నా తెలివి.

మరుసటి ఏడు, రెండో దఫా జబ్బు ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో ఫోన్ చేశాడు. వాళ్లమ్మ పోయింది. కోడల్ని చూడకుండానే పోయింది. మెల్లగా చెప్పాడు, ఎప్పటిలాగే. ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. తర్వాత అన్నాడు: "మా వోళ్లు సంబంధం జూస్తున్నరు. నాకేం తోస్తలేదు. ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. ఆనాడు ఫాదరు ఇంకేమన్న అన్నడా?"

ఏడాదిగా నేను ఎదురుచూసిన ప్రశ్న. తలుపు తెరిచి పట్టుకున్నట్టు అడిగాడు. కానీ ఆ సంబంధం అన్న మాట చెవిలో పడ్డాక నాకింకేం వినిపించలేదు. ఓహో, అప్పుడే చూసుకుంటున్నారా, చూసుకోండి అని రోషం. ఆ రోషం కింద సిగ్గు. నిజం చెబితే అతను తిట్టడు. బస్సెక్కి వచ్చేస్తాడు. తిట్టకుండా వచ్చే మనిషికి ముఖమెట్లా చూపించను?

"ఏమీ అనలేదు" అన్నాను.

"సరే. పైలం" అని జాగ్రత్త చెప్పి పెట్టేశాడు.

అతనికి పెళ్లయింది. పాప ఉందని ఇక్కడి మగ్గాలవాళ్లు చెప్పారు. ఇప్పుడు నిజం చెబితే మునిగేది నేను కాదు, ఏ పాపమూ ఎరగకుండా అతన్ని కట్టుకున్న ఆ అమ్మాయి. అందుకే అతనికి చెప్పను. చట్టమేమంటుందో, సభ ఏమంటుందో నాకిప్పుడు అనవసరం. గురువు ముందు కానిది పెళ్లి కాదన్న నియమాన్ని నేను తప్పు పట్టను. అది నన్ను మోసం చేయలేదు, నేనే దాన్ని అడ్డం పెట్టుకున్నాను. మందిరంలో ఆ పసుపుతాడు మెడలో పడ్డప్పుడు నేను అతని భార్యనయ్యాను. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పాపసంకీర్తనంలో ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెబితే గురువు క్షమాపణ ఇస్తారు, ప్రార్థనలు చెప్పుకోమంటారు, లేచి ఇంటికొచ్చేస్తాను. తర్వాత? అతని తాలూకు నా దగ్గర మిగిలింది ఈ బరువొక్కటే. అదీ దించేసుకుంటే నాకేం ఉంటుంది? ఇది తప్పేనేమో. తప్పే. అయినా ఇప్పటికీ సత్ప్రసాదం వరుసలో లేవను. పాండేసర మీదుగా ఆటోలో వెళ్తే సాంచెల మోత వినిపించినంతసేపూ తల బయటికి పెట్టి కూర్చుంటాను. అంత మోతలో ఒక మెల్లని గొంతు వినిపిస్తుందా, పిచ్చిదాన్ని కాకపోతే.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అతను నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్కసారి, ఎవరో ఒకరికి, పైకి చెప్పాలని ఉంది. చెబుతున్నాను.

అన్నారు, శంకర్. ఫాదర్ గారు ఇంకో మాట కూడా అన్నారు. ఇద్దరినీ రమ్మన్నారు.