గేటు లోపల ఒక మనిషి పట్టేంత చోటు

సూర్యాపేటలో ఇల్లు ఇచ్చే ముందు ఇంటివాళ్లబ్బాయి మా ఆయన క్రెడిట్ రిపోర్టు అడిగాడు.

అప్పటికి ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మేముండేది గరిడేపల్లిలో, మా ఎరువుల దుకాణం వెనక రెండు కిరాయి గదుల్లో. మంగళ, గురు, శనివారాలు చీకటితో లేచి బస్సెక్కి సూర్యాపేట దవాఖానకు వెళ్లాలి. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి మళ్లీ బస్సులోనే రావాలి. వచ్చేటప్పుడు ఆయన కిటికీ కమ్మీకి తల ఆనించుకునేవారు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా నుదుటి మీద ఆ కమ్మీ గుర్తు కనిపించేది. అందుకని దుకాణం ఎత్తేసి, దవాఖానకు దగ్గర్లో ఒక వాటా వెతికాం.

దొరికిన ఇంటి యజమాని రిటైరైన లైన్‌మన్. కింది వాటా ఇస్తామన్నారు, కిరాయి ఆరువేల ఐదొందలు. డయాలసిస్ సంగతి మొదటి రోజే చెప్పాం. రోగాలు ఎవరికి లేవన్నాడు ఆయన. మేము అంతకుముందు నాలుగు ఇళ్లు మారినవాళ్లం. ప్రతిచోటా కులం అడిగారు, ఎందరుంటారని అడిగారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా అని అడిగారు. ఇక్కడ అవేవీ అడగలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్ చేసి పాన్ నంబరు తీసుకున్నాడు, ఫోనుకొచ్చిన అంకెలు చెప్పించుకున్నాడు. ఈ రోజుల్లో అందరూ ఇట్లనే చూస్తున్నారు ఆంటీ, తప్పుగా అనుకోవద్దు అన్నాడు. నాకు తప్పుగా అనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. మొహం చూసి తేల్చడం కన్నా అంకె చూసి తేల్చడమే న్యాయం అనుకున్నాను.

అంకె తొమ్మిది వందలకు ఆరు వందల పన్నెండు వచ్చింది. దుకాణం కోసం మిర్యాలగూడ బ్యాంకులో ఎప్పుడో తీసుకున్న అప్పు ఇంకా తీరనట్టు, రెండువేల నూట నలభై బాకీ ఉన్నట్టు రిపోర్టులో ఉంది. ఆ అప్పు మేము తీర్చాం. ఆఖరి రసీదు నా దగ్గర ఉంది. అది చూపించినా ఆ అబ్బాయి రిపోర్టులో సరిచేయిస్తే చాలు అన్నాడే తప్ప ఇంకో మాట అనలేదు. మిర్యాలగూడ మూడుసార్లు తిరిగాను. మొదటిసారి మేనేజరు సెలవు. రెండోసారి కాగితం ఇచ్చారు గానీ అందులో ఆయన ఇంటిపేరు తప్పు పడింది. మూడోసారి సరైంది ఇచ్చి, రిపోర్టులో మారడానికి నెల పడుతుందన్నారు. ఆ నెలంతా ఆయన బస్సులోనే తిరిగారు.

ఏడు వందల డెబ్బై నాలుగు వచ్చిన రోజు ఫోను ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"బళ్లె గిన్ని మార్కులు ఎన్నడన్న అచ్చినయా నాకు? మీ అయ్య బతికుంటె సూపెట్టేటోన్ని గద. పిల్లనిచ్చేటప్పుడు శానా అనుమానపడ్డడు."

చేరిన రోజు పొయ్యి మీద పాలు పొంగించాం. ఇంటాయన, ఆయన భార్య కిందికి వచ్చి కూర్చున్నారు. ఒప్పంద పత్రం పదకొండు నెలలకు. గోడలకు మేకులు కొట్టకూడదు, మోటరు రోజూ పొద్దున అరగంట, కరెంటు మీటరు వేరే. నేను ప్రతి వరుసా చదివి సంతకం చేయించాను. అప్పుడు మా ఆయన గ్లాసు కింద పెట్టి అడిగారు.

"తమ్మి, ఒక్క మాట. నా పానం పోతె గీ ఇంట్ల పండవెట్టనిస్తవా?"

ఇంటాయన నవ్వేశాడు. "గదేం మాటనే అన్నా. పాలు పొంగిచ్చిన పూట జర మంచిగ మాట్లాడు."

అందరం నవ్వాం. కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకో చెప్పనక్కర్లేదు. శవం దిగిన ఇంటిని నక్షత్రం చూసి మూడు నెలలో ఆరు నెలలో మూసిపెట్టాలని మా వైపు నమ్మకం. అందుకే అద్దెకున్న మనిషి పోతే ఇంటివాళ్లు గేటు తెరవరు. ఆయనకు ఆ భయం ఉందని నాకు తెలుసు. కానీ వచ్చింది జవాబు కాదని, నవ్వు మాత్రమేనని ఆ పూట నాకు తోచలేదు. ఏడు వందల డెబ్బై నాలుగు ఉంది కదా, ఇంక మమ్మల్ని నమ్మినట్టే అనుకున్నాను.

ఆ ఇంట్లో తొమ్మిది నెలలున్నాం. బాగానే ఉన్నాం. దవాఖానకు ఆయన నడిచే వెళ్లేవారు. సాయంత్రం ఇద్దరు మగవాళ్లూ గేటు దగ్గర కుర్చీలు వేసుకుని వడ్ల ధర గురించి వాదించుకునేవారు. ఇంటామె మందార చెట్టుకు ఏం వేయాలో, ఎంత వేయాలో మా ఆయన చెప్తే, చెంచా ఎక్కువ కాకుండా నేను కొలిచి వేసేదాన్ని. ఆమె నాకు ఒక్కరోజు కూడా కూర లేకుండా అన్నం తిననివ్వలేదు. ఇది కూడా రాయాలి.

ఒక గురువారం ఆయన మిషన్ మీదే పోయారు. కోదాడలో టీచరుగా ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను, తర్వాత ఇంటాయనకు. అంబులెన్సు మా గేటు ముందుకు వచ్చేసరికి గేటుకు లోపలి నుంచి గొలుసు వేసి ఉంది. ఇంటాయన ఆ గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

"వదినె, నన్ను తిట్టు, ఏమన్న అను. పంతులుకు ఫోన్ జేసిన. సుక్క మంచిది కాదంట, ఆర్నెల్లు ఇల్లు మూయాలంట. పైన బిడ్డ నిండు నెలలతోని ఉన్నది. యాడికి తీస్కపోవాలె నేను?"

ఆ క్షణంలో ఇంకేదైనా అనాల్సింది. నా నోటికి వచ్చింది మాత్రం ఇదే. "అట్లని మన పత్రంలో లేదు."

"పత్రంల ఎట్లుంటది వదినె? గిది ఎవరన్న రాసుకుంటరా?"

కొడుకుతో ఫోన్లో మాట్లాడించాడు. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ఫ్రీజర్ బాక్సుకు, టెంటుకు డబ్బులు పంపుతాను, పక్కన ఖాళీ ప్లాటులో పెట్టుకోండి అన్నాడు. ఖాళీ ప్లాటులో తుమ్మ చెట్లు, సీసా పెంకులు ఉన్నాయి. అంబులెన్సు డ్రైవరు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. నన్ను ఒక్కదాన్నే లోపలికి రానిచ్చారు. ఆయన పంచె, కండువా, కళ్లజోడు తీసుకున్నాను. వంటింట్లో పొద్దున ఆయన తాగి పెట్టిన గ్లాసు ఉంది. కడిగి బోర్లించి వచ్చాను.

వేములపల్లిలో మా మరిదికి సొంత ఇల్లుంది. అక్కడికి తీసుకెళ్లాం. మా ఆయన ఆ ఊరు వదిలి నలభై ఏళ్లయింది. వాకిట్లో చేరినవాళ్లలో సగం మంది ఎవరు పోయారని మా మరిదిని అడిగి తెలుసుకున్నారు. దుకాణానికి వచ్చే గరిడేపల్లి రైతులు కబురు విని, రెండు ఆటోల్లో సూర్యాపేట ఇంటికి వెళ్లారట. గేటు మూసి ఉండటం చూసి, అక్కడా ఇక్కడా అడిగి వేములపల్లి చేరేసరికి దహనం అయిపోయింది. వాళ్లు తెచ్చిన దండలు మా మరిది ఇంటి పిట్టగోడ మీద పెట్టి వెళ్లారు. ఇరవై ఏళ్లుగా అరువు తీసుకుని, మాటకు తీర్చిన మనుషులు వాళ్లు. వాళ్ల భుజాల మీద ఆయన వెళ్లి ఉండాల్సింది.

ఈ మధ్య మా అమ్మాయి తన ఇంటికి దగ్గరగా కోదాడలో నాకొక గది చూసింది. ఇంటామె నా క్రెడిట్ రిపోర్టు అడిగింది. తీస్తే అందులో ఏమీ లేదు. అప్పులన్నీ ఆయన పేరు మీద చేశాం, ఆయన పేరు మీదే తీర్చాం. ఏమీ లేకపోతే రెండు నెలల అడ్వాన్సు ఎక్కువ కట్టాలంది. కడతానన్నాను. తర్వాత నేను కూడా ఒకటి అడగాలన్నాను. మా అమ్మాయి నా కొంగు పట్టి లాగింది. అంతకుముందు మూడు ఇళ్లు ఆ ప్రశ్నతోనే పోయాయి.

"నేను పోతే ఈ ఇంట్లో పెట్టనిస్తారా? నవ్వకుండా చెప్పండి."

ఆమె నవ్వలేదు. "మా ఆయన్ని అడిగొస్తానండీ" అని లోపలికి వెళ్లింది. కుక్కరు మూడు కూతలు వేసేదాకా రాలేదు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"లోపల కుదరదండీ. ఈ వరండాలో అయితే దించుకోవచ్చంటున్నారు. ఒక్క పూట."

వరండా చూశాను. గేటు లోపలే ఉంది. పైన రేకు ఉంది, వాన పడదు. గోడ వెంట నడిచి, అక్కడున్న చెప్పుల స్టాండు జరిపితే ఎంత వస్తుందో చూసుకున్నాను. ఆరడుగులు వస్తుంది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం.

ఆ మాట ఒప్పంద పత్రంలో రాయించమన్నాను. మా అమ్మాయి మొహం తిప్పుకుంది. ఇంటామె పెన్ను కోసం లోపలికి వెళ్లింది.